గిటార్ వాయిస్తే ముంజేతి నొప్పి: విశ్రాంతా, వ్యాయామాలా, సెటప్పా?

"అన్నా, ఎఫ్ కార్డు పట్టుకుంటే బొటనవేలి మొదట్నుంచి మోచేతి దాకా లాగేస్తోంది, ఏం చెయ్యను?" నెలలో నాలుగైదు సార్లయినా ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు. ఎఫ్ కార్డంటే చూపుడువేలిని మెడకి అడ్డంగా వేసి తీగలన్నీ ఒకేసారి నొక్కి పట్టే స్వరాల కూర్పు. వేళ్ల కొనల మంట గురించి కాదు వాళ్లు అడిగేది. అది చర్మం గట్టిపడ్డాక దానంతటదే పోతుందని గిటార్ పట్టుకున్న ప్రతివాళ్లకీ తెలుసు. ఇది ముంజేతి నొప్పి. పోయిన వానాకాలంలో నన్ను కూడా మూడు నెలలు ఏడిపించింది. అప్పుడు నేను వరసగా ఏమేం చేశానో, ఏది ఎంతవరకు పనికొచ్చిందో చెప్తాను.

మొదట చేసింది విశ్రాంతి. అందరూ ఇచ్చే సలహా అదే కదా. మూడు వారాలు గిటార్‌ని బ్యాగులోంచి తియ్యలేదు. నొప్పి పూర్తిగా పోయింది, సంతోషించాను. మళ్లీ తీసి రోజుకో అరగంట వాయించాను. రెండో రోజు సాయంత్రం పట్టకారుతో టీ గిన్నె ఎత్తబోతే సరిగ్గా అదే చోట కలుక్కుమంది. విశ్రాంతి దండగని అనను. నొప్పి ముదిరినప్పుడు పది రోజులైనా ఆపక తప్పదు, దానికి బదులు ఇంకోటి లేదు. కాకపోతే విశ్రాంతిలో మారేది చెయ్యి మాత్రమే. మూడు వారాల తర్వాత నేను వెళ్లింది మళ్లీ ఆ గిటార్ దగ్గరికే, అదే బిగింపుతో.

తర్వాత ఫిజియోథెరపీ. వేళ్లను వంచే కండరాలు ఎక్కువగా వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. వాటి టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాళ్లు, మణికట్టులోని ఇరుకు దారిలోంచి అరచేతిలోకి వెళ్తాయి. అందుకే నొక్కేది వేలితో అయినా నొప్పి మోచేతి దగ్గర తేలుతుంది. నాకు ఇచ్చినవి రెండు వ్యాయామాలు. చెయ్యి చాచి, రెండో చేత్తో వేళ్లను మెల్లగా వెనక్కి లాగి 20 సెకన్లు ఆగడం ఒకటి. ముంజేతిని బల్ల అంచు మీద బోర్లా పెట్టి, అరకిలో బరువు పట్టుకుని మణికట్టును నిదానంగా కిందికి దించడం ఇంకొకటి. డంబెల్ లేక అరకిలో పెసరపప్పు ప్యాకెట్‌తో కానిచ్చాను. పని చేసింది, కాదనను. కానీ తేడా తెలియడానికి నాకు నెల పైనే పట్టింది. మానేస్తే వారంలో మళ్లీ మొదటికొచ్చేది. ఇక్కడ ఒక మాట: నొప్పి ఉండగా స్ప్రింగు గ్రిప్పర్లు, మెత్తటి బంతులు పిసకొద్దు. రోజంతా పిసికి పిసికి అలిసిపోయిన కండరాలతోనే మళ్లీ పిసికించడం అది.

ఇక సెటప్, అంటే గిటార్ తీగల ఎత్తు, మెడ వంపు లాంటివి సరిచేయించడం. నన్నడిగితే అసలు గుట్టు ఇక్కడే ఉంది. మన దగ్గర మొదటి గిటార్ కొన్నవాళ్లలో ఎక్కువమంది దీని జోలికే పోరు. నొప్పి పెడితే తమ చేతిలోనే ఏదో లోపం ఉందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

ముందు కొలిచి చూడండి, రూపాయి ఖర్చు లేదు. ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. అంకెలు పైకి పొంగని చదును కార్డులు నాలుగైదు తీసుకోండి. గిటార్‌ని వాయించే శ్రుతిలోనే ఉంచి, పన్నెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) మీద, లావు తీగ కిందికి ఒక్కో కార్డూ దూర్చండి. అకౌస్టిక్ గిటార్‌కి మూడు కార్డులు పట్టి, నాలుగోది ఇరుక్కుంటే బాగున్నట్టే, అంటే రెండున్నర మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉన్నట్టు. నాలుగూ హాయిగా దూరితే తీగలు ఎత్తుగా ఉన్నాయి. నా గిటార్‌కి నాలుగు వదులుగా పోయాయి, ఐదోది కాస్త తోస్తే అదీ పోయింది! కొన్నప్పుడు అంత లేదు. నేనుండేది సముద్రం పక్కన, వానాకాలం తేమకి చెక్క ఉబ్బుతుంది, పై పలక కొద్దిగా పొంగి, దాని మీద తీగలు బిగించే దిమ్మని, అంటే బ్రిడ్జిని, పైకి లేపుతుంది, దాంతోపాటు తీగలూ లేస్తాయి. నా నొప్పి వానాకాలంలోనే ఎందుకు మొదలైందో అప్పుడు గానీ అర్థం కాలేదు.

ఎఫ్ కార్డు ఒక్కటే ఏడిపిస్తుంటే ఇంకో పరీక్ష ఉంది. మొదటి ఫ్రెట్‌కి కాపో (తీగలన్నిటినీ కలిపి నొక్కి ఉంచే క్లిప్పు) బిగించి, ఒక ఫ్రెట్ పైకి జరిగి అదే ఆకారం పట్టండి. ఉన్నట్టుండి సులువైపోతే తప్పు మీ వేలిది కాదు, నట్‌లో, అంటే మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీలో, గాడులు తగినంత లోతు లేవు. దాన్ని ఇంట్లో ఆకురాయితో గెలకొద్దు, కాస్త ఎక్కువ అరిగితే తీగ జివ్వుమంటుంది, నట్ మార్చాల్సొస్తుంది.

నేను రిపేరు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే ముందు గిటార్ మెడ లోపలుండే కడ్డీని, అదే ట్రస్ రాడ్‌ని, తిప్పి మెడ వంపు సరిచేశాడు. తర్వాత బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీని, అంటే శాడిల్‌ని, బయటికి తీసి పెన్సిల్‌తో గీత గీసి, అడుగు వైపు సాండ్‌పేపర్ మీద అరగదీశాడు. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ దగ్గర రెండు మిల్లీమీటర్లు తగ్గాలట, ఎందుకంటే పన్నెండో ఫ్రెట్ తీగకి సరిగ్గా మధ్యలో ఉంటుంది. గంట పని. తీగలతో కలిపి నాకు పన్నెండు వందలైంది. అంతకుముందు ఫిజియోకి పోసింది దానికి మూడింతలు.

తీగలు కూడా మార్చాను. 12 సైజు సెట్‌లో (అన్నిటికన్నా సన్న తీగ మందం అంగుళంలో వెయ్యికి 12 వంతులు) ఆరు తీగల మొత్తం లాగుడు 70 కిలోలకు పైనే ఉంటుంది, 10 సెట్‌లో సుమారు 60. సన్న తీగలు పిల్లల తీగలని వెక్కిరించేవాళ్లకి బ్లాక్ సబ్బత్ అనే హెవీ మెటల్ బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీ సంగతి చెప్తాను. 1965లో ఫ్యాక్టరీ యంత్రంలో పడి ఆయన రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. కరిగించిన ప్లాస్టిక్‌తో వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. అప్పట్లో సన్న తీగల సెట్లు దొరక్క బాంజో తీగలు బిగించాడు, తర్వాత శ్రుతి కూడా దించేశాడు. బ్లాక్ సబ్బత్ మోత దాంతో ఏమీ తగ్గలేదు. తీగలు కొనడం ఇష్టం లేకపోతే శ్రుతి అర మెట్టు దించండి, లాగుడు 11 శాతం దాకా తగ్గుతుంది.

సెటప్‌కీ హద్దులున్నాయి. తీగలు మరీ కిందికి దింపితే, తీగలన్నీ కలిపి గట్టిగా మీటేవాళ్లకి గిటార్ జరజరమంటుంది. 10 సైజు సెట్ మోత పలచన, సభలో మైకు లేకుండా వాయిస్తే తెలిసిపోతుంది. పైగా ఎత్తు తీగలకి అలవాటుపడ్డ చెయ్యి, తీగలు దిగినా అంతే బలంగా పిసుకుతుంది. ఆ అలవాటు మాన్పడానికి నేను చేసింది ఇది: ఫ్రెట్‌కి ఆనుకుని వేలు పెట్టి, మీటుతూ, నొక్కుడు మెల్లగా వదలాలి. జివ్వుమనే దాకా వదిలి, స్వరం మళ్లీ శుభ్రంగా పలికేంత వరకు మాత్రమే నొక్కాలి. అంత తక్కువ బలం చాలని నేనైతే నమ్మలేకపోయాను.

కూర్చునే తీరుకి నా దగ్గర రెండో స్థానం. కుడి తొడ మీద పెట్టుకుంటే గిటార్ మెడ అడ్డంగా పడుకుని ఎడమ మణికట్టు మడతపడుతుంది. క్లాసికల్ వాళ్లలా ఎడమ కాలి కింద చిన్న పీట వేసి, గిటార్‌ని ఎడమ తొడ మీదికి మారిస్తే మెడ పైకి లేస్తుంది, మణికట్టు దాదాపు తిన్నగా ఉంటుంది. పీట అందరిళ్లలో ఉండేదే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఆయింట్‌మెంటు, ఐసు ఆ పూటకి హాయి. మణికట్టు పట్టీ రాత్రి నిద్రలో పనికొస్తుందేమో గానీ వేసుకుని వాయించొద్దు. నైలాన్ తీగల గిటార్ వేళ్లకి మెత్తనే, కానీ మెడ వెడల్పు, చిన్న చేతులకి కొత్త తిప్పలు. నొప్పి మాత్ర వేసుకుని ప్రాక్టీసుకి కూర్చోవడం మాత్రం వద్దు, ఎక్కడ ఆపాలో చెప్పే నొప్పిని మీరే నిద్రపుచ్చినట్టవుతుంది.

ఇదంతా నొక్కే చేతి నొప్పికే. తిమ్మిరి ఎక్కినా, రాత్రుళ్లు చెయ్యి మొద్దుబారి మెలకువ వస్తున్నా, చేతిలో వస్తువులు జారుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్లండి. మా బావమరిది చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందంటే నేను పెద్ద మెకానిక్‌లా అతని గిటార్‌కి కార్డులు దూర్చి చూశాను. మూడే పట్టాయి. "మరి తిమ్మిరెందుకు బావా?" అన్నాడు. తెల్లమొహం వేశాను. డాక్టరు అడిగింది గిటార్ గురించి కాదు, ఆఫీసులో మోచెయ్యి ఎక్కడ ఆనిస్తావని. తొమ్మిది గంటలూ బల్ల అంచు మీదే ఆనిస్తాడట, అక్కడే నరం నలుగుతోందట. ఇప్పుడు మోచేతి కింద తువ్వాలు మడిచి పెట్టుకుంటున్నాడు.