మోషీ నర్సరీ బడుల్లో వాలంటీర్ ప్యాకేజీ: ఎనిమిది వారాలు ఉండగలిగితేనే

టాంజానియాలో కిలిమంజారో కొండ కిందున్న మోషీ పట్నం చుట్టుపక్కల నర్సరీ బడులకు వాలంటీర్లను పంపే సంస్థలు చాలానే ఉన్నాయి. పేర్లు వేరైనా ఇచ్చేది ఇంచుమించు ఒకటే: ఎయిర్‌పోర్టు నుంచి తీసుకెళ్లడం, బస, భోజనం, ఒక బడిలో చోటు. తేడా అంతా బడి దగ్గరే తెలుస్తుంది. రెండు వారాల ప్యాకేజీ డబ్బు దండగ. మూడు నాలుగేళ్ల పిల్లలు కొత్త ముఖానికి అలవాటుపడేసరికే ఆ రెండు వారాలూ అయిపోతాయి. తర్వాత వచ్చినవారు మళ్లీ అవే రంగుల పేర్లు మొదటి నుంచి ఎత్తుకుంటారు. ఎనిమిది వారాలు ఉండగలిగి, స్థానిక టీచరుకు సహాయకులుగా పెట్టేదైతే తీసుకోవచ్చు. తరగతి మొత్తం మీ చేతికే అప్పగిస్తామంటే వద్దనండి.

తేదీల దగ్గర చాలామంది మోసపోతారు. అక్కడ బడి ఏడాది జనవరిలో మొదలై డిసెంబరు మొదట్లో ముగుస్తుంది, జూన్‌లో చాలా రోజులు సెలవులే. జూన్‌కి బుక్ చేసుకుంటే తాళం వేసిన గేటు ఎదురవుతుంది. మీరు ఉండే వారాల్లో బడి తెరిచి ఉంటుందని మెయిల్లో రాయించుకున్నాకే డబ్బు కట్టాలి. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. బడి నడుస్తుంది గానీ, బురద రోజుల్లో హాజరు పలచబడుతుంది.

జీతం లేకపోయినా అక్కడి చట్టానికి వాలంటీరు పని కూడా పనే, టూరిస్టు వీసా మీద చేయకూడదు. స్వచ్ఛందంగా పనిచేసేవారికి సి తరగతి నివాస పర్మిట్ ఉంది. దాని ఫీజు ప్యాకేజీలో కలిసిందో లేదో ముందే తేల్చుకోవాలి. ‘టూరిస్టునని చెప్పేయండి, చాలు’ అనే సంస్థను అక్కడితో వదిలేయండి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగని సంస్థను కూడా. మన దగ్గర పాస్‌పోర్ట్ సేవా ద్వారా 500 రూపాయలకు వచ్చే ఆ కాగితం అడగలేదంటే, పసిపిల్లల దగ్గరికి ఎవరిని పంపుతున్నారో వాళ్లకు పట్టలేదన్నమాట.

ఇక తరగతి. అక్కడి భాష స్వాహిలీ మన తెలుగులాగే అజంత భాష, మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి. పిల్లలు అ, ఎ, ఇ, ఒ, ఉ నేర్చి, ఆపైన బ, బె, బి, బొ, బు అని వల్లిస్తారు. గుణింతం వచ్చిన తెలుగువారికి ఇది చేతిలో పని. ఇంగ్లిష్ నేర్పాలన్న తొందరలోనే పాడవుతుంది. స్వాహిలీని రాసేదీ ఇంగ్లిష్ అక్షరాలతోనే. కానీ స్వాహిలీలో ‘ఇ’ అని చదివే అక్షరాన్ని (i) ఇంగ్లిష్‌లో ‘ఐ’ అంటాం. వాళ్లు ‘ఎ’ అని చదివేదాన్ని (e) మనం ‘ఈ’ అంటాం. ఈ ఇంగ్లిష్ పేర్లు ముందు నేర్పితే పిల్ల తన ‘ఇ’ ఏదో మరిచిపోతుంది, అది సరిచేయడానికి టీచరుకు నెలలు పడుతుంది. కాబట్టి అచ్చులు కుదిరేదాకా ఇంగ్లిష్‌ను పాటలకు, వస్తువుల పేర్లకు, చేతులు కడుక్కో, కూర్చో లాంటి మాటలకు పరిమితం చేయాలి. అంకెలకు సీసా మూతలు చాలు, పిల్లకు పదేసి. పిల్లలు ‘షికమూ’ అని నమస్కరిస్తే ‘మరహబా’ అనాలి. హాయ్ అంటే వాళ్ల మర్యాదకు బదులు ఇవ్వనట్టే.

టీచరు ‘సా మ్బిలి’కి (మాటకు మాట ‘రెండో గంట’) రమ్మంటే అది రెండు గంటలకు కాదు, పొద్దున్న ఎనిమిదికి. అక్కడ గంటలను ఉదయం ఆరు నుంచి లెక్కపెడతారు. మొదటి వారమంతా ఏ సమయం చెప్పినా ఆరు కలిపి చూసుకోవాలి.

మన లెక్కలో ఉదయం పది గంటల ప్రాంతంలో ఉజీ, అంటే జావ. ‘ఉలేజీ’ అన్నారంటే అచ్చంగా మన రాగులే. నలభై మందికి పావు లీటరు చొప్పున పది లీటర్లు కావాలి, దానికి కిలో పిండి. పిండిని చల్లటి నీళ్లలో జారుగా కలిపి, మరుగుతున్న నీళ్లలో సన్నటి ధారగా పోస్తూ తిప్పాలి. పొడి పిండి నేరుగా వేస్తే ఉండలు కడుతుంది, తిప్పడం ఆపితే అడుగంటుతుంది. జావ త్వరగా చల్లారదు, పిల్లల నోళ్లు కాలుతాయి. బెల్లు కొట్టడానికి ఇరవై నిమిషాల ముందే కప్పుల్లో పోసి ఉంచాలి. కొన్నిచోట్ల పిండిలో వేరుశనగ కలుపుతారు, పడని పిల్లలు ఎవరో టీచరును అడగండి. నిజానికి వాలంటీరు చేతులు బోర్డు దగ్గర కన్నా ఇక్కడ, చేతులు కడిగించే చోట ఎక్కువ పనికొస్తాయి.

అనాథాశ్రమంతో కలిసి నడిచే నర్సరీ చూపిస్తే ఒప్పుకోకండి. తల్లో తండ్రో ఉన్న పిల్లలను విరాళాల కోసం అలాంటి చోట్ల ఉంచడం చాలా దేశాల్లో బయటపడింది. పిల్లల ఫొటోలకు ఇంట్లోవాళ్ల అనుమతి కావాలి, బడి ఒప్పుకుంటే చాలదు.

తీసుకెళ్లేవి: లావు క్రేయాన్లు, పలకలు, సుద్దముక్కలు. బొమ్మలు వద్దు. నాలుగు బొమ్మలకు నలభై మంది కొట్టుకుంటారు. సామాను గుడ్డసంచుల్లో సర్దండి, 2019 జూన్ నుంచి ఆ దేశంలో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం. నైరోబీలోనో అడ్డిస్ అబాబాలోనో ఆగి వచ్చే ప్రయాణమైతే ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు పెద్ద పెట్టెలో కాకుండా పాస్‌పోర్టుతోనే పెట్టుకోండి. కార్డు లేకపోతే తిరిగి వచ్చాక ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు.