ముక్కు స్ప్రే ట్రయల్‌లో ఆరు వారాలు

విజయవాడ వన్‌టౌన్‌లో చీరల షాపులో పని చేస్తాను. మడత విప్పితే తుమ్ము, మళ్లీ మడత పెడితే తుమ్ము. ఏడాది పొడుగునా ఇదే వరస. అలర్జీ మాత్ర సెట్రిజిన్ వేసుకుంటే మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడేవి. చర్మం మీద చుక్కలు వేసి గుచ్చే టెస్ట్‌లో నాకు దుమ్ములో ఉండే మైట్స్ (కంటికి కనబడనంత చిన్న పురుగులు) పడవని తేలింది. అప్పుడే మా ఈఎన్‌టీ డాక్టర్ గారు ఓ ఆసుపత్రిలో జరుగుతున్న ట్రయల్ సంగతి, అంటే ముక్కు అలర్జీ స్ప్రే పనిచేస్తుందో లేదో మనుషుల మీద పరీక్షించడం గురించి చెప్పారు.

"మీ మీద ప్రయోగాలు చేయించుకుంటారా?" అని మా ఆవిడ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. చివరికి తనూ వెంట వచ్చింది. అక్కడి డాక్టరు గంటసేపు కూర్చుని చెప్పారు. ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ట్రయల్ వల్ల ఏదైనా ఇబ్బంది వస్తే వైద్యం ఖర్చు వాళ్లదే. కొందరికి మందున్న స్ప్రే, కొందరికి మందు లేని స్ప్రే. ఎవరికి ఏది పడిందో డాక్టరుకీ తెలియదు. కన్సెంట్ ఫారం తెలుగులోనే ఉంది గానీ, "యాదృచ్ఛికీకరణ" లాంటి మాటలతో బెదరగొట్టింది. "చీటీలు తీసినట్టు" అని రాస్తే సరిపోయేది కదా!

మొదటి వారం మాత్రలు ఆపించారు. అది నిజంగా నరకం. తర్వాత నాలుగు వారాలు స్ప్రే, ఆఖరి వారం ఊరికే గమనించడం.

స్ప్రే కొట్టడం నర్సమ్మ దగ్గరుండి నేర్పింది. తల కాస్త ముందుకు వంచాలి, ఎడమ ముక్కుకి కుడి చేయి వాడాలి, మొన మధ్య గోడకి కాకుండా బయటివైపుకి పెట్టాలి. గట్టిగా ఎగపీల్చకూడదు. ఇన్నేళ్లూ నేను కొట్టిందంతా గొంతులోకే పోయిందని అప్పుడు అర్థమైంది. వెళ్లిన ప్రతిసారీ సీసాని తూకం వేసేవాళ్లు, రోజూ వాడుతున్నానో లేదో తెలియడానికి.

అన్నిటికన్నా నాకు పనికొచ్చింది వాళ్లిచ్చిన డైరీ. ముక్కు కారడం, దిబ్బడ, దురద, తుమ్ములు: ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, పొద్దున, సాయంత్రం. ఒక్కో పూటకి మొత్తం 12. మొదటి వారం నాకు 9, 10 పడేవి. నాలుగో వారానికి 4. ఆదివారం సాయంత్రాలు మాత్రం మళ్లీ 8. ఎందుకా అని చూస్తే, అది పరుపు దులిపే రోజు! ఇప్పుడు దుప్పట్లు, గలీబులు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతుకుతున్నాం. పరుపు నేను ముట్టుకోను, మా అబ్బాయి చూసుకుంటాడు.

బాగోలేనివి: పది గంటలకు రమ్మని పన్నెండింటికి చూసేవాళ్లు, నాకు సగం రోజు జీతం పోయేది. దారి ఖర్చులు రెండు నెలలు ఆలస్యంగా వచ్చాయి. నాకు పడింది ఏ స్ప్రేనో ఇప్పటికీ చెప్పలేదు. అన్ని సెంటర్లలో పూర్తయ్యాక చెబుతామన్నారు, ఎదురుచూస్తున్నాను.

ఐదుకి నాలుగు స్టార్లు. చేరాలనుకునేవాళ్లు ముందు ట్రయల్ సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడిగి తీసుకోండి. ఆ రిజిస్ట్రీ నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఫారంలో అర్థం కాని మాట కనిపిస్తే సంతకం పెట్టకముందే నిలదీసి అడగండి, మా ఆవిడ అడిగినట్టు.