మోకాళ్ల నొప్పులున్న ఇంట్లో వ్యాగన్ ఆర్

వ్యాగన్ ఆర్ మైలేజీ గురించి, సర్వీసు ఖర్చు గురించి, రీసేల్ గురించి కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు. వీధికి రెండు ఉన్న కారు, ఎవరినడిగినా చెప్తారు. నేను రాయాలనుకున్నది ఒక్కదాని గురించే, సీటు ఎత్తు. 2019లో కొత్త మోడల్ వచ్చిన ఏడాదే తీసుకున్నాను. పెట్రోలు, మాన్యువల్ గేరు. నా ఉద్యోగం, ఇల్లు అనంతపురంలో. అమ్మానాయన ఉరవకొండ అవతల పల్లెలో ఉంటారు. వాళ్లను ఆసుపత్రికి తీసుకురావడం, పండగలకు, పెళ్లిళ్లకు తిప్పడం, తిరిగి ఊర్లో దించి రావడం, ఈ కారు చేసిన పనిలో సగానికి పైగా ఇదే. ఇన్నేళ్ల తర్వాత దీనిమీద నాకున్న ఇష్టమంతా ఆ సీటు ఎత్తు వల్లే. ఉన్న ఇబ్బందుల్లో ఎక్కువ భాగం కూడా ఆ ఎత్తు తెచ్చినవే.

కొన్నప్పుడు బంధువుల్లో ఒక్కరూ మెచ్చుకోలేదు. అప్పుడే పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి మొదటి కార్లు రోడ్డెక్కుతున్నాయి. 2022లో జిల్లాలు విడదీశాక అది శ్రీ సత్యసాయి జిల్లా కిందికి పోయింది గానీ మాకు ఇప్పటికీ అది మన జిల్లా ఫ్యాక్టరీయే. "మన దగ్గరే అంత మంచి కార్లు చేస్తాంటే నువ్వు ఈ డబ్బా తెచ్చుకున్యావేమప్పా" అని మా మేనమామ అన్నాడు. చూడ్డానికి డబ్బా మాదిరే ఉంటుంది, నిజమే. ఆ డబ్బా ఆకారం వల్లే మా అమ్మ ఈరోజు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కారెక్కి దిగుతోంది.

మోకాళ్ల నొప్పులున్న మనిషికి కారులో కూర్చోవడం కన్నా లేవడం కష్టం. కింద ఉండే సీట్లో కూర్చుంటే మోకాళ్లు నడుం కన్నా పైకొస్తాయి. అక్కడి నుంచి లేవాలంటే ఒంటి బరువంతా బాగా మడిచిన మోకాళ్ల మీద పడుతుంది. నొప్పి పుట్టేదే అక్కడ. ఇంతకుముందు మాకున్న సెడాన్‌లో అమ్మ తలుపు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఒక్కసారిగా వెనక్కి పడేది. దిగేటప్పుడు నేనొక చెయ్యి, మా ఆవిడ ఒక చెయ్యి పట్టి లాగాల్సిందే. వ్యాగన్ ఆర్‌లో సీటు అంచు ఆమె తొడల దగ్గరికొస్తుంది. వెనక్కి ఆనుకుంటే చాలు, కూర్చున్నట్టే. పైకప్పు ఎత్తుగా ఉంది కాబట్టి తల వంచే పని తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, సీటు ఎత్తుగా ఉన్నా కారు నేల ఎత్తుగా లేదు, కాలు నేరుగా భూమ్మీద ఆనుతుంది. మొదటిసారి ఎక్కినప్పుడే అమ్మ "మన ఇంటి ముందర అరుగు మీద కూకున్నట్టుంది" అంది. షోరూంలో ఎవరూ దీన్ని ఇంత బాగా చెప్పలేకపోయారు.

అసలు విలువ తెలిసింది ఆపరేషన్ అయ్యాక.

రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, మార్పించాలి అని బెంగళూరులో డాక్టర్లు చెప్పారు. ముందు ఒక కాలు, కొన్ని నెలలు ఆగి రెండోది. డిశ్చార్జి రోజు ఇంటికెలా తీసుకుపోవాలన్నదే మా టెన్షన్. అంబులెన్స్ మాట్లాడదామంటే అమ్మ ఒప్పుకోలేదు. అంబులెన్స్‌లో ఊర్లోకి దిగితే ఊరంతా ఇంటిముందు చేరి ఏడుస్తారని ఆమె భయం. మా పెద్దమ్మ కొడుకు తన పెద్ద ఎస్‌యూవీ తెచ్చాడు. దాంట్లో అయితే కాళ్లు చాపుకోవచ్చు, కుదుపులు తెలియవు అని అందరం అనుకున్నాం. నా కారు లగేజీకని వెంట తెచ్చాను.

కిందికి తీసుకొచ్చాక ఫిజియోథెరపీ అమ్మాయి కూడా పోర్టికో దాకా వచ్చింది. కన్నడం కలిసిన తెలుగులో మాట్లాడే పిల్ల, అమ్మతో బాగా కలిసిపోయింది. వాకర్ పట్టుకున్న అమ్మను ఎస్‌యూవీ పక్కన నిలబెట్టి, సీటు ఎత్తు చూసి తల అడ్డంగా ఊపింది. సీటు ఎత్తు, దానితోపాటు నేలా ఎత్తే. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి పైకెక్కాలి. ఆపరేషన్ అయిన కాలు పెట్టి ఎక్కలేదు, రెండో కాలు ఎలాగూ అరిగిపోయిన కాలే. "ఆ చిన్న కారు ఎవరిది?" అని అడిగింది.

తర్వాత ఆ పిల్ల చేయించిన తీరు నాకు ఇప్పటికీ అడుగడుగూ గుర్తుంది. ఇలాంటి అవసరం ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపించి, వీపు ఆనే భాగాన్ని కొంచెం వాల్చింది. సీటు మీద ఒక పాలిథిన్ కవరు పరిచింది, ఒళ్లు జారడానికి. కారును ఫుట్‌పాత్‌కు ఆనించకుండా కాస్త దూరంగా పెట్టమంది. ఫుట్‌పాత్ మీద నిలబడితే సీటు మళ్లీ కిందికి అయిపోతుంది కదా. అమ్మ కారుకు వీపు పెట్టి వాకర్‌తో వెనక్కి నడిచింది, సీటు అంచు కాళ్ల వెనక తగిలేదాకా. ఆపరేషన్ అయిన కాలు కొంచెం ముందుకు చాపింది. వాకర్ వదిలేసి ఒక చెయ్యి సీటు మీద, ఒక చెయ్యి డ్యాష్‌బోర్డు మీద ఆనించి నెమ్మదిగా కూర్చుంది. పాలిథిన్ మీద డ్రైవరు సీటు వైపు వెనక్కి జరిగింది. ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి ఒక్కసారే లోపలికి. మోకాలు మెలి తిరగకూడదన్నది ఆ పిల్ల గట్టిగా చెప్పిన మాట. అమ్మ ఒక్క మూలుగు మూలగలేదు. కూర్చున్నాక నావైపు చూసి "అయిపోయిందా? ఇంతేనా?" అంది. కూర్చున్నాక పాలిథిన్ తీసేయమన్నారు, బ్రేకు వేసినప్పుడు ముందుకు జారకుండా.

లగేజీకని తెచ్చిన కారులో అమ్మ కూర్చుంది, లగేజీ ఎస్‌యూవీలో వచ్చింది.

గంటకొకసారి ఆపి దించండి, రెండడుగులు నడిపించండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా పాదాలు పైకీ కిందికీ ఆడించమని చెప్పండి అని డాక్టర్లు రాసిచ్చారు. చిక్కబళ్లాపురం దాటాక ఒకసారి, బాగేపల్లి దగ్గర ఒకసారి ఆపాం. రెండుచోట్లా నేను, మా ఆవిడ చెరోవైపు నిలబడ్డాం. కొడికొండ చెక్‌పోస్ట్ దాటి టీ తాగడానికి ఆపినప్పుడు నేను తలుపు తీసి చెయ్యి చాపితే "నువ్వు పక్కకు జరుగప్పా, నాకు అడ్డం" అంది. రెండు కాళ్లూ కిందికి దించి, వాకర్ దగ్గరికి లాక్కుని, తనే లేచి నిలబడింది. అంతకు ముందు చాలా ఏళ్లుగా ఆమె కారులోంచి ఒంటరిగా దిగడం నేను చూడలేదు. పెనుకొండలో దిగలేదు, ఇంటికి పోదాం పదండి అంది. రెండో ఆపరేషన్ అప్పుడైతే ఫిజియో పిల్ల నోరు తెరవక ముందే వరుసంతా అమ్మే చెప్పేసింది.

ఇక్కడే డిక్కీ గురించి ఒక మాట. వాకర్‌ను మడిచి నిలువుగా పెట్టినా డిక్కీలో పట్టింది, పక్కన రెండు సంచులు కూడా. కంపెనీ సీఎన్‌జీ తీసుకుంటే సిలిండర్ డిక్కీలోనే ఉంటుంది కాబట్టి ఆ చోటు పోతుంది. ఇంట్లో వాకరో, వీల్‌చెయిరో ఉన్నవాళ్లు ఇంధనం ఖర్చుతోపాటు అదీ చూసుకోవాలి.

మార్పులంటే నేను పెద్దగా చేయించలేదు. చేయించిన ఒక్కదాన్నీ తీయించాల్సి వచ్చింది. ఆపరేషన్లకు ముందు సీటు కవర్లు వేయమని టౌన్లో ఒక షాపులో ఇస్తే, అడగకుండానే కింద మందపాటి ఫోమ్ వేసి రెక్సిన్ కుట్టేశారు. చూడ్డానికి సోఫా మాదిరి ఉంది. అమ్మ పొడగరి కాదు. ఆ ఫోమ్ వల్ల పెరిగిన రెండు వేళ్ల ఎత్తుకే ఆమె కాళ్లు నేలకు ఆనకుండా వేలాడాయి. తొడల వెనక ఒత్తుకుని తిమ్మిర్లు. పైగా మే నెల ఎండలో నిలిపిన కారులో రెక్సిన్ మీద కూర్చోవడమంటే ఒళ్లు చుర్రుమంటుంది. ఫోమ్ తీయించి పల్చటి కాటన్ కవరు వేయించాను. సీటు ఎత్తులో రెండు వేళ్లకు ఇంత తేడా ఉంటుందని ఆ షాపువాళ్లకు చెప్తే నమ్మలేదు. పక్కన ఫుట్ స్టెప్పులు పెడతామన్నా వద్దన్నాను. ఈ కారుకు అవి అక్కర్లేదు, పైగా వీపు పెట్టి వెనక్కి నడిచేవాళ్ల పిక్కలకు తగులుతాయి. పనికొచ్చింది ఒక్కటే, తలుపు లాక్ కొక్కెంలో గుచ్చుకునే చిన్న ఇనుప పిడి. దిగేటప్పుడు పట్టుకుని లేవడానికి గట్టి ఆధారం, పని అయ్యాక తీసి తలుపు అరలో వేసుకోవచ్చు.

ఇక ఆ ఎత్తు వల్ల వచ్చే కష్టాలు. ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢం వచ్చిందంటే అక్కడి గాలికి మనిషే నిలబడలేడు. కూడేరు దాటి మైదానంలోకి వచ్చాక పక్క నుంచి కొట్టే గాలికి ఎత్తైన, తేలికైన ఈ కారు పక్కకు జరుగుతుంది, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకోవాలి. లారీని దాటేటప్పుడు, లారీ చాటున ఉన్నంతసేపూ గాలి ఉండదు, దాని ముందుకు రాగానే ఒక్కసారిగా కొడుతుంది. అక్కడ తెలియని డ్రైవరు కంగారు పడతాడు. ఆ నెలల్లో నేను డెబ్బై దాటను. కొన్న కొత్తలో "హైవేలో బ్రహ్మాండంగా పోతుంది" అని చాలామందికి చెప్పాను. పోతుంది, గాలి లేని రోజుల్లో. ఘాట్ రోడ్డులోనూ అంతే. హార్స్‌లీ హిల్స్ ఎక్కినప్పుడు మలుపుల్లో బాడీ పక్కకు ఒరిగి, వెనక కూర్చున్న పిల్లలకు కడుపులో తిప్పింది. నెమ్మదిగా పోతే ఏ ఇబ్బందీ లేదు, కానీ నెమ్మదిగానే పోవాలి.

ఎత్తైన కారు కాబట్టి అద్దాలూ పెద్దవే. అమ్మకు బయటి చేలన్నీ కనిపిస్తాయి, ఎవరి శెనక్కాయ ఎలా పండిందో చెప్తూ కూర్చుంటుంది. అయితే మా ఎండల్లో ఆ అద్దాల గుండా వచ్చే వేడి ఎక్కువ. ఏసీ బాగానే ఉంది, కాకపోతే మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు చల్లబడటానికి టైము పడుతుంది. ముందు అద్దాలు దించి వేడి గాలి బయటికి పోనిచ్చి, తర్వాత ఏసీ వేయాలి. నల్ల ఫిల్ము వేయించమన్నారు. ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని రూలు. ముసలివాళ్లను కూర్చోబెట్టుకుని దారిలో పోలీసులతో వాదన పెట్టుకోవడం ఎందుకని వద్దనుకున్నాను. నిలిపినప్పుడు ముందు అద్దానికి వెండిరంగు షేడు, అంతే.

మెయింటెనెన్సు మామూలే. మా పల్లె దారి నల్లరేగడి, వానకు గుంతలు, ఎండకు దుమ్ము. ముందు సస్పెన్షన్‌లో లింక్ రాడ్లు, బుష్‌లు ఆ దారికి అరిగి టకటకమంటే ఒకసారి మార్పించాను. ఏసీ క్యాబిన్ ఫిల్టరు, ఇంజన్ ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో రాసినదానికన్నా ముందే మారుస్తాను, తీసి చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

ఒకటి దాచకుండా చెప్పాలి. 2023లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ క్రాష్ టెస్టులో ఈ కారుకు పెద్దల రక్షణకు ఐదుకు ఒక్క స్టారే వచ్చింది, పిల్లల రక్షణకు సున్నా. 2025 నుంచి ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలోనూ ఇస్తున్నారు. నా కారులో ఉన్నవి రెండే. పిల్లలు చిన్నవాళ్లై, వారం వారం బెంగళూరు హైవే మీద తిరిగేవాళ్లెవరైనా నన్నడిగితే ఇది తీసుకోమని చెప్పను. మా తిరుగుడు ఎక్కువగా అనంతపురం, ఉరవకొండ మధ్యే. వేగం తక్కువ, బెల్టు లేకుండా ఎవరినీ కూర్చోనివ్వను, వెనక సీటు వాళ్లను కూడా.

కాబట్టి ఇది మంచి కారా అంటే, ఇంట్లో మోకాళ్లు అరిగినవాళ్లుంటే, మీ ప్రయాణాలు మా మాదిరివే అయితే, అవును. లేకపోతే ఇదే డబ్బుకు గట్టి బాడీ ఉన్నవి చూడండి. కొనే ముందు మాత్రం పెద్దవాళ్లను షోరూంకు వెంట తీసుకుపోయి, ముందు సీట్లోనూ వెనక సీట్లోనూ కూర్చోబెట్టి లేపి చూడండి. చెప్పులతో ఒకసారి, చెప్పుల్లేకుండా ఒకసారి. మా అమ్మ ఎత్తుకు సరిపోయింది మీ అమ్మగారికి సరిపోకపోవచ్చు.

నాయనకు కూడా ఈమధ్య కుడి మోకాలు పట్టేస్తోంది, కాబట్టి దీన్ని అమ్మే ఆలోచన ఇప్పట్లో లేదు. టైర్లు అరిగాయి, ఆషాఢం గాలి మొదలవకముందే నాలుగూ మార్పిస్తున్నాను. షాపువాళ్లు వెడల్పు టైర్లు వేసుకోమంటున్నారు గానీ కంపెనీ సైజే వేయిస్తాను.