వాల్వ్ ఉన్న క్యాట్‌బ్యాక్ ఎగ్జాస్ట్ కిట్: పనితనం సరే, ఆమోదం ఏది?

క్యాట్‌బ్యాక్ కిట్ అంటే కారులో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత వచ్చే పొగ పైపులు, మఫ్లర్ (శబ్దం తగ్గించే డబ్బా). ఈ కిట్‌లో స్టెయిన్‌లెస్ స్టీల్ పైపులు, శుభ్రమైన వెల్డింగ్. పాత రబ్బరు హ్యాంగర్లకే ఇబ్బంది లేకుండా వేలాడుతుంది. అంతవరకు మెచ్చుకోవాల్సిందే.

చిక్కంతా ఆమోదం ముద్ర దగ్గరే. యూరప్ తరహా నిబంధనలున్న చోట మఫ్లర్ లోహం మీదే వృత్తంలో ‘ఈ’ అక్షరం, దేశం అంకె, ఆమోదం నంబరు చెక్కి ఉండాలి. ఈ కిట్‌కు పెట్టె మీద స్టిక్కరు తప్ప ఏమీ లేదు. తనిఖీలో అది చెల్లదు.

పొగ దారిని రిమోట్‌తో మూసి తెరిచే వాల్వ్‌నూ నమ్ముకోవద్దు. మూస్తే బండి నెమ్మదిగానే పలుకుతుంది, కానీ డ్రైవర్ చేత్తో తెరవగలిగేదాన్ని అధికారి తెరిపించే కొలవచ్చు. ఆగి ఉన్న బండి శబ్దాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 5130 పద్ధతిలో మైకును పైపు చివరికి 50 సెంటీమీటర్ల దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెడతారు. ఇంజన్ వేడెక్కాక, బండి కదలకుండా, నిర్ణీత ఆర్‌పీఎం దగ్గర నిలిపి యాక్సిలరేటర్ వదులుతారు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. మఫ్లర్ లోపల శబ్దాన్ని పీల్చే గ్లాస్ వూల్ (గాజు పోగుల దూది) వేడికి కాలి, పొడై ఎగిరిపోతుంది. దాంతో మొదట పరిమితిలో ఉన్న శబ్దమే పోనుపోను పెరుగుతుంది. రెండు పైపులను బోల్టులతో కలిపే ఫ్లాంజ్ అతుకు చుట్టూ నల్లటి మసి కనిపిస్తే, మధ్యలో పొగ బయటికి రాకుండా ఆపే గ్యాస్కెట్ లీకవుతున్నట్టే, అదీ శబ్దాన్ని పెంచుతుంది.

ట్రాక్ మీదికైతే కొనొచ్చు. రోజూ రోడ్డెక్కే కారుకు మాత్రం వద్దు. ఒకవేళ బిగించినా కంపెనీ మఫ్లర్‌ను అమ్మేయకండి; తిరిగి వేసేటప్పుడు కొత్త గ్యాస్కెట్ తప్పనిసరి.