గన్ పర్మిట్ అక్కర్లేని టెక్సాస్‌లో పర్మిట్ క్లాస్: హ్యూస్టన్ శివార్లలో ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్ళొచ్చాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, 5కి 4 స్టార్లు ఇస్తున్నా. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోశానో కింద రాశా, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఆ ముక్క మాత్రం వదలకుండా చదవండి.

పోయిన నెల ఓ శనివారం నేను, మా ఆవిడ, మా బావమరిది ముగ్గురం లైసెన్స్ టు క్యారీ క్లాస్‌కి వెళ్ళాం. గన్ వెంట పెట్టుకుని తిరగడానికి రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ అది, ఎల్‌టీసీ అంటారు ఇక్కడ. బావమరిది అయితే రానంటే రానన్నాడు. "2021 సెప్టెంబర్ 1 నుంచి పర్మిట్ లేకుండానే నడుముకి పెట్టుకుని తిరగొచ్చు కదా బావా, 21 నిండి, చట్టం గన్ ఉంచుకోవద్దు అన్న కేసులేవీ లేకపోతే చాలు, మళ్ళీ డబ్బులు పోసి క్లాస్ దేనికి" అంటాడు. వాడు చెప్పింది తప్పు కాదు, హెచ్‌బీ 1927 అనే చట్టం అదే చెప్తుంది. పైగా వాడు కిందటేడు సిటీ బయట ఆరెకరాలు కొన్నాడు, వెనకాల మట్టికట్ట పోసి అక్కడే కాల్చుకుంటానని ప్లాన్. "నా పొలం, నా ఇష్టం" అని ఒకటే మాట. మా ఆవిడ పట్టు పట్టి కారెక్కించింది, లేకపోతే వచ్చేవాడు కాదు.

మనిషికి 80 డాలర్లు తీసుకున్నారు, రేంజ్ ఫీజు అందులోనే, తూటాలు మాత్రం మనమే తెచ్చుకోవాలి. ఇది క్లాస్ వాళ్ళది, తర్వాత లైసెన్స్ ఇచ్చే రాష్ట్ర శాఖ డీపీఎస్‌కి కట్టే 40 డాలర్లు, వేలిముద్రల ఖర్చు వేరే. పన్నెండు మందిమి ఉన్నాం, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు. క్లాస్‌రూమ్ నాలుగు నుంచి ఆరు గంటలు ఉండాలని రూలే ఉంది, వీళ్ళు ఐదు గంటలు చెప్పారు, ఊరికే టైమ్ పాస్ చెయ్యలేదు.

వాళ్ళలో పెద్దాయన, షెరీఫ్ ఆఫీసులో మాజీ డెప్యూటీ, ఆయన పాఠం మొదలెట్టిన తీరు నాకు బాగా నచ్చింది. "పర్మిట్ తీసేశారు కానీ రూల్స్ తీసెయ్యలేదు, ఇదివరకు రూల్స్ నేర్పించి పంపేవాళ్ళు, ఇప్పుడు మీ అంతట మీరే తెలుసుకోవాలి" అన్నాడు. అక్కణ్ణుంచి బోర్డుల గురించి చెప్పాడు. షాపుల ముందు 30.05, 30.06, 30.07 అని ఉంటాయి చూడండి, నేను ఏళ్ళుగా వాటి పక్కనుంచే నడుస్తున్నా ఏనాడూ పట్టించుకోలేదు. 30.05 పర్మిట్ లేకుండా మోసేవాళ్ళని ఆపేది, 30.06 లైసెన్స్ ఉండి లోపల దాచుకుని మోసేవాళ్ళని ఆపేది, 30.07 లైసెన్స్ ఉండి పైకి కనపడేలా పెట్టుకున్నవాళ్ళని. అంటే 30.05 ఒక్కటే ఉన్న షాపులోకి మా బావమరిది గన్‌తో అడుగుపెడితే తప్పు, లైసెన్స్ ఉన్న నేను లోపల దాచుకుని వెళ్తే చట్టంలో నాకు రక్షణ ఉంది. ఎర్ర అక్షరాల్లో 51 శాతం అని ఉంటే అది మందు అమ్మకాలే ప్రధానంగా ఉన్న బార్, అక్కడ లైసెన్స్ ఉన్నా లేకపోయినా గన్ బయటే.

తర్వాత స్కూళ్ళ సంగతి చెప్పేసరికి మా బావమరిది ఫోన్ పక్కన పెట్టేశాడు. స్కూల్ ఆవరణ చుట్టూ 1000 అడుగుల్లోపు గన్ ఉండకూడదని ఫెడరల్ చట్టం, 1990 నాటిది. ఇంట్లో ఉంటే, సొంత స్థలంలో ఉంటే పర్లేదు, తూటాలు తీసేసి తాళం పెట్టిన పెట్టెలో ఉంటే పర్లేదు, ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నా పర్లేదు. రాష్ట్రం పర్మిట్ అక్కర్లేదంది కదా అని లోడ్ చేసిన పిస్టల్ నడుముకి పెట్టుకుని పిల్లల్ని డ్రాప్ చెయ్యడానికి వెళ్తే ఈ మినహాయింపులేవీ వర్తించవు. మన సబ్‌డివిజన్లలో స్కూల్‌కి వెయ్యి అడుగుల్లో పడకుండా మెయిన్ రోడ్డెక్కడమే కష్టం. ఈ ఒక్క విషయానికే నా 80 డాలర్లు గిట్టుబాటు అయిపోయాయి. ఇంక వేరే రాష్ట్రాలు వెళ్ళేవాళ్ళకి లైసెన్స్ కావాలి, 29 రాష్ట్రాల్లో పర్మిట్ అక్కర్లేదు కానీ మిగతా చోట్ల ఎక్కడి రూల్ అక్కడే, కాలిఫోర్నియా, న్యూయార్క్ అయితే టెక్సాస్ లైసెన్స్‌ని కూడా ఒప్పుకోవు.

మధ్యలో వాదన లేచింది, ఇన్‌స్ట్రక్టర్ ఆపలేదు, మంచి పని చేశాడు. ముందు వరసలో పశువుల రాంచ్ నడిపే పెద్దాయన ఒకాయన, "హక్కుకి ఫీజేంటి, మొగుడు చంపుతానని వెంటపడుతున్న ఆడమనిషి డీపీఎస్ కార్డు వచ్చేదాకా వారాల తరబడి ఎదురుచూడాలా" అన్నాడు. వెనకాల ఐసీయూ నర్సొకావిడ, "షూటింగ్ టెస్ట్‌లో యాభై తూటాల్లో డెబ్బై శాతం కొట్టలేని మనిషి నా పక్కన సరుకుల లైన్లో లోడెడ్ గన్‌తో నిలబడితే నాకు హక్కులేం లేవా" అని అడిగింది. రూమ్ అంతా సైలెంట్. ఇద్దరిదీ నిజమే అనిపించింది నాకు. అప్పట్లో చట్టం తెస్తున్నప్పుడు కొందరు పోలీస్ చీఫ్‌లు కూడా వద్దన్నారు. నా మట్టుకు నాకు లైసెన్స్ కార్డు ఐచ్ఛికం చేసినందుకు బాధ లేదు, దాంతోపాటు క్లాస్ కూడా ఐచ్ఛికం అయిపోయిందే, అదే బాధ. ఫీజు తీసెయ్యండి, ఆపదలో ఉన్నవాళ్ళకి వెంటనే ఇవ్వండి, కానీ ఆ ఐదు గంటలు కూర్చోబెట్టండి.

ఇప్పుడు ఆరెకరాల సంగతి. ఈ భాగానికి ఇరవై నిమిషాలే ఇచ్చారు, అది సరిపోదు, ఎందుకంటే శివార్లలో స్థలాలు కొంటున్న మనవాళ్ళకి ఇదే అసలు ప్రశ్న. సిటీ లిమిట్స్ లోపలైతే సిటీ రూల్స్ చూసుకోవాలి, లక్ష జనాభా దాటిన సిటీలో నిర్లక్ష్యంగా కాలిస్తే క్రిమినల్ కేసు. సిటీ హద్దుకి బయట ఉన్నా సిటీకి కొంత అధికారం ఉండే అంచు భాగం, అంటే ఈటీజే ఏరియాలో రైఫిల్, పిస్టల్ కాల్చకుండా సిటీ ఆపకూడదు అంటే 50 ఎకరాలు ఉండాలి, పక్కవాళ్ళ స్థలంలో ఉన్న ఇంటికి 300 అడుగులకి మించి దూరం ఉండాలి, తూటా మన హద్దు దాటకూడదు. షాట్‌గన్‌కైతే 10 ఎకరాలు, 150 అడుగులు. సిటీకి సంబంధం లేని కౌంటీ స్థలమైతే, సబ్‌డివిజన్లో 10 ఎకరాలు, అంతకన్నా చిన్న లాట్లలో కాల్చడాన్ని నిషేధించే అధికారం కౌంటీకి ఉంది, కొన్ని కౌంటీలు వాడతాయి, కొన్ని వాడవు. బావమరిది చెయ్యెత్తి "నాది ఆరెకరాలు, సబ్‌డివిజన్" అన్నాడు. "అయితే సోమవారం పొద్దున్నే షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యి, తర్వాత హెచ్ఓఏ (ఇళ్ళ ఓనర్ల సంఘం) కాగితాలు చదువు, అప్పుడు మట్టి పోయించు" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్.

ఇంకోటి, .22 తూటా చూడ్డానికి చిక్కుడు గింజంత ఉంటుంది, అది మైలు పైనే పోగలదు. ఆరెకరాలంటే ఏ పక్కా రెండొందల గజాలు కూడా ఉండదు సుమారుగా. మట్టికట్ట ఎత్తు చాలకపోయినా, రాయి తగిలి ఎగిరినా అది పక్కింటి వంటగదిలోకే.

అప్పుడే 2023 ఏప్రిల్ క్లీవ్‌లాండ్ గురించి చెప్పాడు. ఒహైయోది కాదు, హ్యూస్టన్‌కి ఉత్తరాన ఉన్న మన క్లీవ్‌లాండే. రాత్రిపూట ఒకడు ఇంటి ముందు తన స్థలంలో కాలుస్తుంటే పక్కింటివాళ్ళు పసిబిడ్డ నిద్రపోవాలి, కాస్త ఆపండి అని అడిగారు. వాడు వాళ్ళింట్లోకి వెళ్ళి ఐదుగురిని చంపాడు, అందులో ఓ చిన్న పిల్లాడు కూడా ఉన్నాడు. గొడవని గన్ దాకా రానీకుండా ఎలా తగ్గించుకోవాలి అనేది ఈ క్లాస్ సిలబస్‌లో తప్పనిసరి పాఠం, పిల్లలకి అందకుండా గన్ ఎక్కడ ఎలా దాచాలి అనేది ఇంకో పాఠం. మా ఆవిడ ఆ రెండూ నోట్‌బుక్‌లో రాసుకుంది, ఇంటికొచ్చాక మొదట ఆర్డర్ పెట్టింది సేఫ్‌కే.

షూటింగ్ టెస్ట్ కష్టమేం కాదు. 3 గజాల నుంచి 20 తూటాలు, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10, మొత్తం 250 పాయింట్లకి 175 రావాలి. నాకు 231 వచ్చింది, మా ఆవిడకి 238. కాకపోతే తనకి మొదట కౌంటర్ కుర్రాడు "ఆడవాళ్ళకి ఇదే బావుంటుంది" అని బుల్లి పిస్టల్ అద్దెకిచ్చాడు. చిన్నది, తేలికది అయితే చేతిని ఇంకా గట్టిగా తంతుంది, మూడు తూటాలకే తన మణికట్టు నొప్పెట్టింది. ఇన్‌స్ట్రక్టర్ చూసి మార్చి కొంచెం పెద్ద సైజు 9 ఎంఎం ఇచ్చాక కుదురుకుంది.

స్టార్ కోసింది కూడా ఆ కౌంటర్‌కే. మేం సైన్ చేస్తుంటే పక్కన ఓ తెలుగు కుర్రాడు, హెచ్1బీ అని వాడే చెప్పాడు, సరదాగా ఒక గంట కాల్చి వెళ్తానన్నాడు. కౌంటర్ అతను ఏం అడక్కుండా గన్ తీసి చేతిలో పెట్టబోయాడు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళ చేతిలో గన్ గానీ తూటాలు గానీ ఉండటమే ఫెడరల్ నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప. అద్దెకి తీసుకున్నా అంతే, ఫ్రెండ్ గన్ అయినా అంతే. 15 ఏళ్ళ దాకా జైలు, ఆపైన డిపోర్టేషన్. టెక్సాస్ పర్మిట్ తీసేసినా ఇది మారలేదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు, మేం ముగ్గురం అలాగే వెళ్ళాం. నేనే ఆ కుర్రాణ్ణి పక్కకి పిలిచి "తమ్ముడూ, ముట్టుకోకు" అని చెప్పా, వాడి మొహం తెల్లబోయింది. రేంజ్ వాళ్ళు వెయ్యాల్సిన ప్రశ్న అది. మేనేజర్‌తో చెప్పా, ఫారంలో పెడతామన్నాడు, పెడితే వచ్చి ఆ స్టార్ తిరిగి ఇస్తా.

వెళ్ళేవాళ్ళు చెవులకి మంచి మఫ్స్ సొంతంగా తెచ్చుకోండి, వాళ్ళిచ్చే ఫోమ్ ప్లగ్స్ ఇండోర్ రేంజ్‌కి చాలవు. మెడ దగ్గర వదులుగా ఉండే చొక్కా వద్దు, కాల్చాక బయటికి ఎగిరే వేడి ఖాళీ గొట్టాలు లోపల పడతాయి. శనివారం బ్యాచ్ రెండు వారాల ముందే నిండిపోతోంది. మా బావమరిది సోమవారం ఫోన్ చేశాడు, వాళ్ళ కౌంటీలో నిషేధం ఉంది, మట్టి లారీ క్యాన్సిల్ చేసి అదే రేంజ్‌లో ఏడాది మెంబర్‌షిప్ తీసుకున్నాడు.