విశాఖ నుంచి తిరుపతికి గంటన్నరే అని టికెట్ అమ్మారు, ఏడు గంటలు పట్టింది

నిన్ననే తిరిగొచ్చాం. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఇక్కడ విశాఖ ద్వారకానగర్‌లో విమానం టికెట్లు బుక్ చేసే ఆయన సంగతి. అటువైపు ఉండేవాళ్ళకి ఎవరో అర్థమయ్యే ఉంటుంది.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. 300 రూపాయల దర్శనం టికెట్లు మధ్యాహ్నం 12 గంటల స్లాట్‌కి దొరికాయి. రాత్రంతా రైలు ప్రయాణం ఆవిడ తట్టుకోలేదని విమానం అనుకున్నాం. ఆయన ఫోన్‌లో ఒక పేజీ తీసి చూపించారు. విశాఖ ఎయిర్‌పోర్ట్ నుంచి రేణిగుంట ఎయిర్‌పోర్ట్‌కి దాదాపు 600 కిలోమీటర్లు, ప్రయాణం గంటన్నర లోపే. "7.35కి ఎక్కితే టిఫిన్ టైముకి తిరుపతిలో ఉంటారు మేడం" అన్నారు. ఇద్దరికీ 13,400 అక్కడికక్కడే కట్టేశాను.

ఎయిర్‌పోర్ట్‌లో కౌంటర్ అమ్మాయి నాలుగు బోర్డింగ్ పాస్‌లు చేతిలో పెట్టింది. రెండు హైదరాబాద్‌కి, రెండు అక్కడి నుంచి తిరుపతికి. మధ్యలో శంషాబాద్‌లో ఐదు గంటలు ఆగాలి. రేణిగుంటలో దిగేది 2.55కి!

వెంటనే ఆయనకి ఫోన్ చేశాను. స్పీకర్‌లో ఉంది, అమ్మ పక్కనే ఉంది. ఆయన అన్న మాటలు ఇవి: "మీరు దూరం అడిగారు, చెప్పాను. విమానం ఎంతసేపని అడిగారు, చెప్పాను. మధ్యలో ఆగుతుందా అని అడిగారా? టికెట్ మీద రాసే ఉంది కదా, చదువుకున్నవాళ్ళేగా." అని పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. 12 గంటల దర్శనం అని ఆయనకి మొదటి రోజే చెప్పాను. అది తెలిసి కూడా ఆ టికెట్టే అమ్మారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని "పోనీలేవే, గొడవెందుకు" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

తప్పు నాది కూడా ఉంది. టికెట్ ముందు రోజు రాత్రే వాట్సాప్‌లో వచ్చింది. పేర్లు, ఎక్కే టైం చూసి మూసేశాను. ఇంకో లైను కిందికి చదివి ఉంటే సరిపోయేది.

శంషాబాద్‌లో కూర్చుని ఆ పేజీ సంగతేంటో చూశాను. అలాంటివి మ్యాప్ మీద రెండు ఊళ్ళ మధ్య తిన్నగా గీత గీసి, ఆ దూరాన్ని విమానం వేగంతో భాగించి టైం చెప్తాయి. ఆ దారిలో మీకు దొరికే విమానం ఉందో లేదో వాటికి సంబంధం లేదు. మేము తిరిగింది విశాఖ నుంచి శంషాబాద్‌కి 510, అక్కడి నుంచి రేణిగుంటకి 420, మొత్తం 930 కిలోమీటర్లు. గాల్లో ఉన్నది రెండున్నర గంటలైతే, కుర్చీల్లో కూర్చున్నది ఐదు గంటలు. ముందు రోజు తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కినా తెల్లారేసరికి తిరుపతిలో ఉండేవాళ్ళం.

కొండ మీదికి చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది. మా స్లాట్ ఎప్పుడో అయిపోయింది. రాత్రికి తిరుగు రైలు. అమ్మ మహాద్వారం ఎదురుగా నిలబడి, బయటి నుంచే దండం పెట్టుకుని వచ్చేసింది. వచ్చే దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

కొనేవాళ్ళు దూరం, గంటలు అడగకండి. ఎన్నింటికి దిగుతాం, విమానం మారాలా అని అడగండి. ఒకవైపు ప్రయాణానికే టికెట్ మీద రెండు ఫ్లైట్ నంబర్లుంటే సాధారణంగా మారాల్సే ఉంటుంది. ఆయన దగ్గర ఇప్పటికే టికెట్ తీసుకున్నవాళ్ళుంటే, ఇప్పుడే తెరిచి దిగే టైం చూసుకోండి.