లాంగ్ రైడ్ల బుల్లెట్‌కు ఏది మేలు: హాఫ్ ఇంజనా, ఫుల్ ఇంజనా?

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350ని దూరప్రయాణాలకు సిద్ధం చేయమని షాపుకి తీసుకెళ్తే మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న ఇదే: "హాఫ్ ఇంజనా అన్నా, ఫుల్ ఇంజనా?" హాఫ్ ఇంజన్ అంటే హెడ్ (ఇంజన్ పై మూత), బ్లాక్ (పిస్టన్ ఆడే గొట్టం) విప్పి పిస్టన్, రింగులు, వాల్వుల పని చేసి మూసేయడం. ఫుల్ ఇంజన్ అంటే క్రాంక్ కేసు, అంటే ఇంజన్ కింది పెట్టె, రెండుగా విడదీసి, పిస్టన్‌ని క్రాంక్‌కి (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసుకి) కలిపే కనెక్టింగ్ రాడ్డు, అది పట్టుకునే క్రాంక్ పిన్, క్రాంక్‌ని మోసే మెయిన్ బేరింగుల దాకా వెళ్లడం. మొదటిది కొద్ది రోజుల్లో అయిపోతుంది. రెండో దానికి బండి వారాల తరబడి షాపులోనే ఉండిపోవచ్చు, ఖర్చు కూడా రెట్టింపు దాటుతుంది. అందుకే చాలామంది హాఫ్ ఇంజన్‌తో సరిపెట్టుకుంటారు. ఊళ్లో తిరిగే బండికి అది తప్పేమీ కాదు. హైదరాబాద్‌లో 44వ నంబరు హైవే ఎక్కి శ్రీనగర్ దాకా పోవాల్సిన బండికి మాత్రం నేను ఫుల్ ఇంజనే చేయించమంటాను.

కారణం ఈ ఇంజన్ తీరులోనే ఉంది. బోరు (పిస్టన్ ఆడే రంధ్రం వెడల్పు) 70 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ పైనుంచి కిందకి కదిలే దూరం) 90 మి.మీ., మొత్తం 346 సీసీ. స్ట్రోకు ఇంత పొడుగు కాబట్టి 3000 ఆర్పీఎంలోనే (నిమిషానికి 3000 చుట్లు) పిస్టన్ సగటున సెకనుకు 9 మీటర్లు కదులుతుంది. 4000కి వెళ్తే అది 12 మీటర్లవుతుంది. ప్రతి చుట్టుకీ పైన ఒకసారి, కింద ఒకసారి ఆ పిస్టన్‌ని ఆపి వెనక్కి తిప్పే భారమంతా కనెక్టింగ్ రాడ్డు కింది చివర, అంటే బిగ్ ఎండ్ మీద పడుతుంది. మే నెలలో ఆదిలాబాద్ మీదుగా, వెనక మనిషీ రెండు వైపులా లగేజీతో గంటల తరబడి ఒకే వేగంలో పోతుంటే ఆయిల్ పలచబడుతుంది. అప్పుడు బిగ్ ఎండ్‌ని కాపాడేది ఆ పలచని ఆయిల్ పొరే.

పై సగం, అంటే పిస్టన్, రింగులు, వాల్వులు ఉండే భాగం, ఒక్కసారిగా చెడదు. రింగులు అరిగితే నీలం పొగ వస్తుంది, ఆయిల్ తగ్గుతుంది, ఘాట్ ఎక్కేటప్పుడు లాగుడు పడిపోతుంది. అలా చెబుతూనే చాలా దూరం నడుస్తుంది. ఆయిల్ పోసుకుంటూ ఇంటికి చేరొచ్చు. బిగ్ ఎండ్ అలా కాదు. సౌండ్ మొదలయ్యాక ఎంత దూరం వెళ్తుందో ఎవరూ చెప్పలేరు. రాడ్డు విరిగిందంటే క్రాంక్ కేసుకే బొక్క పడుతుంది. ఆ కేసు మీదే ఇంజన్ నంబరు ఉంటుంది, అదే ఆర్సీలోనూ ఉంటుంది. కేసు మారిస్తే ఆర్టీఓ ఆఫీసు పని కూడా మెడకు చుట్టుకుంటుంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. అరిగిన క్రాంక్ మీద కొత్త పిస్టన్, రింగులు వేస్తే కంప్రెషన్ (పిస్టన్ పైన గ్యాస్ ఒత్తిడి) పెరుగుతుంది. అప్పటిదాకా తక్కువ ఒత్తిడితో ఎలాగో నెట్టుకొచ్చిన బిగ్ ఎండ్ మీద ఒక్కసారిగా బరువు పెరుగుతుంది. "హాఫ్ ఇంజన్ చేయించిన కొన్నాళ్లకే కింద సౌండ్ వచ్చింది" అని వినే ఫిర్యాదుల్లో చాలా వాటికి ఇదే కారణం.

అయితే ప్రతి బండికీ కళ్లు మూసుకుని క్రాంక్ విప్పమనడం లేదు. బ్లాక్ తీశాక రెండు నిమిషాలు పట్టే పరీక్ష ఒకటుంది. క్రాంక్‌ని పై చివరకు తెచ్చి, రాడ్డుని రెండు చేతులతో పట్టుకుని నిట్టనిలువుగా పైకీ కిందకీ లాగి చూడాలి. పక్కలకు కాస్త ఊగితే భయం లేదు, దాన్ని అలాగే తయారు చేశారు. పైకీ కిందకీ చేతికి తెలిసేంత ఆట ఉంటే మాత్రం హాఫ్ ఇంజన్ మాట అక్కడితో ఆపేయాలి. బండి నడుస్తున్నప్పటి సౌండ్ కూడా చాలా చెబుతుంది. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు టకటకమని, వేడెక్కాక తగ్గితే అది పిస్టన్ సౌండ్. వేడెక్కాక, అందులోనూ ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు బరువైన దెబ్బలా వినపడితే అది కింది నుంచి వచ్చేది.

పై సగంలోనూ ఒక ఎంపిక ఉంది: పాత బ్లాకునే రీబోర్ చేయించాలా (అరిగిన బోరుని కాస్త పెద్దగా కోయించాలా), కొత్త బ్లాకు, పిస్టన్ కిట్ కొనాలా? బ్లాక్‌కి ఇంకా ఓవర్‌సైజ్ మిగిలుంటే (అంటే అసలు సైజు కంటే 0.50, 1.00 మి.మీ. లాంటి పెద్ద పిస్టన్‌కి కోయడానికి వీలుంటే) నేను రీబోర్‌కే మొగ్గుతాను. పాత ఇనుప బ్లాకు ఏళ్ల తరబడి వేడెక్కీ చల్లారీ దాని వంకరలన్నీ ఎప్పుడో తీర్చుకుని ఉంటుంది. మార్కెట్లో దొరికే చవక కిట్లలో ఆ నమ్మకం లేదు. పోత సరిగా లేని బ్లాకు వేడికి గుండ్రం తప్పుతుంది. కంపెనీ అసలు పార్టు దొరికితే ఆ మాట వేరు.

రీబోర్ మంచిదా చెడ్డదా అన్నది లేత్ షాపు చేతిలో ఉంటుంది. ముందు పిస్టన్ కొని, దాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి తగ్గట్టు బోరు కోయాలి. "0.50 సైజు కదా, కోసి పెడతా, పిస్టన్ తర్వాత తెచ్చుకో" అనే షాపులో బ్లాకు ఇవ్వకండి. 70 మి.మీ. అల్యూమినియం పిస్టన్ 100 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.16 మి.మీ. సాగుతుంది. అంతే వేడికి ఇనుప బోరు 0.08 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. పైగా పిస్టన్ ఎప్పుడూ బోరుకంటే వేడిగానే ఉంటుంది. క్లియరెన్స్, అంటే పిస్టన్‌కీ బోరుకీ మధ్య ఖాళీ, తక్కువైతే ఎండలో, హైవే మీద సీజ్ అవుతుంది, పిస్టన్ బోరులో పట్టేస్తుంది. ఎక్కువైతే మొదటి రోజు నుంచే టకటక. పిస్టన్ తయారీదారు చెప్పిన క్లియరెన్స్ కాగితం మీద రాసి ఇవ్వండి, పని అయ్యాక బోరుని పైన, మధ్యలో, కింద కొలిపించండి. హోనింగ్ (కోసిన బోరుని రాయితో సన్నగా రుద్దడం) గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తూ వల అల్లినట్టు కనిపించాలి. అద్దంలా మెరిసే బోరు చూడ్డానికి బాగుంటుంది కానీ రింగులు అందులో కూర్చోవు. సరిపోయే అతి చిన్న ఓవర్‌సైజ్‌తోనే ఆగండి. 1.00 కూడా అయిపోతే ఇక స్లీవ్ (బోరు లోపల కొత్త గొట్టం) వేయించడమో, బ్లాకు మార్చడమో.

ఇక కింది సగం. పాత బుల్లెట్‌లో బిగ్ ఎండ్‌కి ఉండేది ఫ్లోటింగ్ బుష్. క్రాంక్ పిన్‌కీ రాడ్డుకీ మధ్య ఒక ఉంగరం లాంటి బుష్, దానికి లోపలా బయటా ఆయిల్ పొర. దాని బదులు రోలర్ బేరింగ్ ఉన్న రాడ్ కిట్ కూడా వేసుకోవచ్చు. ఈ రెండింటి గురించి వాదనలు ఎప్పటికీ తెగవు. ఫ్లోటింగ్ బుష్‌కి శుభ్రమైన ఆయిల్ ఎడతెగకుండా అందాలి. అందినంత కాలం మెత్తగా, చప్పుడు లేకుండా నడుస్తుంది. ఒక్కసారి ఆయిల్ తగ్గినా క్షమించదు. రోలర్ తక్కువ ఆయిల్‌తోనూ నెగ్గుకొస్తుంది, కాసేపు ఆయిల్ అందకపోయినా వెంటనే చావదు. 65, 70లో నింపాదిగా వెళ్లే మనిషికి, ఆయిల్ విషయంలో శ్రద్ధ ఉన్నవాళ్లకు బుష్ చాలు. బరువుతో, వేగంగా, ఎండలో వెళ్తామంటే రోలరే వేయించుకోండి, కాకపోతే మంచి కంపెనీది. పేరు ఊరు లేని రోలర్ కిట్ కంటే మంచి బుష్ వెయ్యి రెట్లు నయం.

ఏది వేసినా ట్రూయింగ్ (క్రాంక్ వంకర లేకుండా తిరిగేలా సరిచేయడం) సరిగా లేకపోతే డబ్బు దండగే. క్రాంక్‌లోని బరువైన చక్రాలు, అంటే ఫ్లైవీళ్లు రెండూ విడదీసి కొత్త పిన్‌తో మళ్లీ కలిపాక, క్రాంక్‌ని లేత్ మీద రెండు సెంటర్ల మధ్య పెట్టి చేత్తో మెల్లగా తిప్పుతారు. షాఫ్టు మీద ఆనించిన డయల్ గేజ్ ముల్లు ఎంత ఊగుతుందో చూసి, రాగి సుత్తితో ఫ్లైవీలు అంచున ఒక దెబ్బ, మళ్లీ తిప్పడం, మళ్లీ చూడడం. ముల్లు ఊగుడు రెండు వైపులా 0.05 మి.మీ. లోపుకి వచ్చేదాకా ఒప్పుకోకండి. ఈ పని దగ్గరుండి చూడండి. ఇది బాగా చేసే మేస్త్రీ మీ ఊళ్లో లేకపోతే క్రాంక్ ఒక్కటీ పార్శిల్ కట్టి, చేతనైన వాళ్ల దగ్గరికి పంపించడం మేలు.

స్క్రాప్‌లో దొరికే సెకండ్ హ్యాండ్ ఇంజన్ మూడో దారి అంటారు. నంబరు గొడవ ఒకటి, లోపలి అరుగుదల ఎంతో తెలియకపోవడం ఇంకొకటి. లాంగ్ రైడ్లకు దాని జోలికి పోవద్దు.

ఫుల్ ఇంజన్ చేయిస్తున్నప్పుడు పెద్ద పార్టుల బిల్లు చూసి చిన్నవాటి దగ్గర పొదుపు చేయకండి. టైమింగ్ కవర్ (ఇంజన్ పక్క మూత) నుంచి క్రాంక్‌లోకి ఆయిల్ వెళ్లే చోట ఒక చిన్న కార్క్ సీల్ ఉంటుంది. అది పాతదైతే బిగ్ ఎండ్‌కి పోవాల్సిన ఆయిల్ పక్కదారి పడుతుంది. కవర్ విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. ఆయిల్ పంపులు విప్పి చూడండి, ఆయిల్ ఫిల్టర్ మార్చండి, బ్రీదర్ (క్రాంక్ కేసులోని గాలి బయటికి పోయే దారి) రబ్బరు గట్టిపడిందేమో చూడండి. బ్రీదర్ మూసుకుపోతే ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా ఆయిల్ లీకవుతుంది.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు స్పార్క్ ప్లగ్ తీసి, ఆయిల్ తిరిగి ఆయిల్ ట్యాంకులో పడడం దాని మూతలోంచి కనిపించేదాకా కిక్ కొడుతూనే ఉండాలి, మెకానిక్ ఎంత తొందర పెట్టినా సరే. మొదటి 500 కి.మీ. 50 దాటించకండి, అలాగని ఒకే వేగంలోనూ పోకండి. ఆ తర్వాత ఆయిల్ మార్చి, ఇంజన్ పూర్తిగా చల్లారాక హెడ్ నట్లు మళ్లీ బిగించి, టాపెట్లు (వాల్వుల ఖాళీ) సరిచేయండి. వాల్వులను నెట్టే పుష్ రాడ్లు వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు.